డాక్టర్ బాబు డీఎన్‌ఏ టెస్ట్ ఎందుకు చేయించలేదు?

స్టార్ మా సీరియల్ కార్తీక దీపం మొదటి భాగం నడిచినన్నాళ్లూ దాని హీరో డాక్టర్ బాబు గురించి జనం అడిగిన ప్రశ్న ఒక్కటే. భార్య కడుపులో బిడ్డ తనది కాదని అనుమానించిన మనిషి, పైగా స్వయంగా డాక్టరు, ఒక్క డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే గొడవ తీరిపోయేది కదా? దీని మీద వచ్చిన మీమ్స్‌కి లెక్కలేదు. పిల్లలు పుట్టారు, పెరిగారు, స్కూలుకి వెళ్లారు, డాక్టర్ బాబు మాత్రం ఆ టెస్ట్ జోలికి పోడు. రాసేవాళ్లకి బుర్ర లేదని చాలామంది తేల్చేశారు కానీ అది తప్పు, వాళ్లకి బుర్ర బాగానే ఉంది. ఆ టెస్ట్ రిపోర్టు వచ్చిన మర్నాడు చెప్పడానికి కథ ఉండదు, అంతే సంగతి.

ఇప్పటి తెలుగు టీవీ షోల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ముందుగా వచ్చేవి చిన్న చిన్న ఫిర్యాదులు. పట్టుచీరతో వంట చేయడమేంటి, నిద్రలేచేసరికే లిప్‌స్టిక్ ఏంటి, మాటకి ముందో దడేల్ వెనకో దడేల్ ఏంటి అని. ఇవన్నీ నిజమే, నవ్వుకోవడానికి బాగుంటాయి. అయితే ఒక షో బాగుండటానికీ విసిగించడానికీ అసలు తేడా వీటిలో లేదు. ఎప్పుడు అయిపోతుందో ముందే తెలిసిన షో ఒకలా ఉంటుంది, ఎప్పుడు అయిపోతుందో తీసేవాళ్లకే తెలియని షో ఇంకోలా ఉంటుంది. మిగతావన్నీ దాదాపుగా ఇందులోంచి పుట్టినవే.

కొంచెం లెక్క వేద్దాం. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్ అంటే ఏడాదికి సుమారు 300 ఎపిసోడ్లు. అరగంటలో యాడ్స్, టైటిల్, నిన్నటి ముక్కలు తీసేస్తే మిగిలేది ఓ 22 నిమిషాలు. అంటే ఏడాదికి 110 గంటలు. రెండున్నర గంటల సినిమాలు 44 తీసినట్టు, అవీ అవే పది పన్నెండు మంది నటులతో, అదే హాలు, అదే మేడమెట్లు, అదే తులసికోట దగ్గర. కార్తీక దీపం 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా 1569 ఎపిసోడ్లు వచ్చింది. రాత్రీ పగలూ కళ్లు మూయకుండా చూస్తే 24 రోజులు పడుతుంది. ప్రపంచంలో ఏ రచయిత దగ్గరా ఒక భార్యాభర్తల గొడవ మీద అంత సరుకు ఉండదు. కాబట్టి కథ నెమ్మదిగా నడుస్తోందని తిట్టడం కన్నా అసలు ఎలా నడిపిస్తున్నారని ఆశ్చర్యపోవడమే న్యాయం.

ఎలా నడిపిస్తారంటే, మొదటి కిటుకు చెవులకి సంబంధించింది. రాత్రి ఏడు నుంచి పది మధ్య సీరియల్ చూస్తున్నారని మనం అనుకునే చాలామంది నిజానికి చూడరు, వింటారు. టీవీ హాల్లో ఉంటుంది, మనిషి వంటింట్లో చపాతీలు ఒత్తుతూనో పిల్లాడికి అన్నం కలుపుతూనో ఉంటుంది. అందుకే ఎదురుగా జరిగేదంతా మాటల్లో మళ్లీ చెప్పాలి. "అంటే ఏంటత్తయ్యా, మీరు నన్ను ఈ ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటున్నారా?" అనే డైలాగ్ చూసేవాళ్లకి అనవసరం, అత్తగారు సూట్‌కేసు గుమ్మం బయట పడేసింది కనిపిస్తూనే ఉంది. వినేవాళ్లకి అది కావాలి. ఆ తర్వాత దడేల్ అని సంగీతం, హాల్లో నిలబడ్డ ఎనిమిది మంది ముఖాలూ ఒక్కొక్కటిగా, ఒక్కోసారి రెండేసి సార్లు. మనం దాన్ని సాగదీత అంటాం. అది వంటింట్లోంచి హాల్లోకి రావడానికి ఇచ్చే టైమ్. దడేల్ వినిపించగానే చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే, ఆఖరి ముఖం దాకా ఏమీ మిస్ కారు.

పదేళ్ల కిందట ఇదంతా బాగా పనిచేసింది. ఇప్పుడు చిక్కొచ్చింది ఫోన్‌తో. యాప్‌లో చూసేవాళ్లు ఆ ముఖాలన్నీ పది సెకన్ల చొప్పున తోసేసుకుంటూ పోతారు, ఎపిసోడ్ మొత్తం ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. డబ్బులు కట్టినవాళ్లకి యాప్‌లో టీవీ కన్నా ముందే ఎపిసోడ్ వచ్చేస్తుంది కాబట్టి, సాయంత్రానికి ఇంట్లో సగంమందికి కథ ముందే తెలిసిపోయి ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకి వెళ్లిన అమ్మానాన్నలు కూడా ఇలాగే యాప్‌లో చూసి, ఇక్కడున్న చెల్లెలికి ఫోన్ చేసి ఇవాళేం జరిగిందో చెప్పేస్తున్నారు. ఒకే ఎపిసోడ్ వినేవాళ్లకీ తోసుకుంటూ చూసేవాళ్లకీ ఇద్దరికీ సరిపోవాలంటే కుదరదు. ప్రస్తుతానికి తీసేవాళ్లు వినేవాళ్ల వైపే ఉన్నారు.

రెండో కిటుకు రహస్యం. ప్రతి పెద్ద సీరియల్‌కీ మధ్యలో ఒక రహస్యం ఉంటుంది, ఒకరికి తెలిసి మిగతావాళ్లకి తెలియనిది. రచయిత దాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా వాడుకుంటాడు, అసలు ముట్టుకోకుండా వడ్డీతో ఇల్లు గడుపుతాడు. కార్తీక దీపంలో డాక్టర్ బాబుకి పిల్లలు పుట్టరని నమ్మించి విలన్ మోనిత చేసిన మోసమే ఆ అసలు. స్టార్ మాలో 2023 అక్టోబర్ నుంచి వచ్చిన గుండె నిండా గుడి గంటలు చూడండి, అందులో రోహిణి తనకి మలేషియాలో కోటీశ్వరుడైన తండ్రి ఉన్నాడని అబద్ధం చెప్పి ఆ ఇంటి కోడలైంది, అంతకుముందే ఆమెకి పెళ్లయి ఒక కొడుకున్నాడు. ఆ పిల్లాడు ఇంటి దరిదాపుల్లోకి వచ్చినప్పుడల్లా టెన్షన్. అత్తగారు ప్రభావతికి దొరికిపోబోతుంది, దొరకదు. బాలుకి అనుమానం వస్తుంది, ఎవరో ఏదో అని పక్కదారి పట్టిస్తారు. ఇలా ఎన్నిసార్లు జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టలేం. ఆమాట నిజమైనా, ఇప్పుడొస్తున్న రోజువారీ సీరియళ్లలో కాస్త ఊపిరాడేది దీంట్లోనే. కారణం ఏంటంటే ఆ ఇంట్లో డబ్బు కష్టాలు డబ్బు కష్టాల్లానే ఉంటాయి. బాలు కారు నడుపుతాడు, మీనా పూలు కట్టి అమ్ముతుంది, పెద్దకొడుకు మనోజ్ చదువుకున్నానన్న గీరతో ఏ పనిలోనూ నిలవడు, అయినా తల్లికి వాడే ముద్దు. ఏ కొడుకు సంపాదన ఎంత అన్నదాన్ని బట్టి ఇంట్లో మర్యాద మారడం మన ఇళ్లల్లో చూస్తున్నదే. వందెకరాల ఆస్తి, వెయ్యి కోట్ల కంపెనీ అని చెప్పే సీరియళ్లలో ఇది దొరకదు, అక్కడ కంపెనీ ఏం తయారుచేస్తుందో కూడా ఆఖరి దాకా మనకి తెలియదు.

బ్రహ్మముడి సంగతి కొంచెం వేరు. 2023 జనవరిలో మొదలైనప్పుడు దాంట్లో బాగా పండింది హీరో హీరోయిన్లు కాదు, కనకం. మట్టి బొమ్మలు చేసుకునే ఇంటి తల్లి, ముగ్గురు కూతుళ్లు, వాళ్లని ఎలాగైనా దుగ్గిరాల వాళ్లలాంటి గొప్పింటికి పంపాలని ఆమె ఆడే నాటకాలు, చెప్పే అబద్ధాలు. తప్పు చేస్తోందని తెలుస్తుంది, కోపం రాదు. విలన్ కాదు, త్యాగమూర్తి కాదు, నోరున్న మధ్యతరగతి తల్లి. ఇలాంటి పాత్ర సీరియల్‌లో పడటం అరుదు. ముసుగులో పెళ్లికూతురు మారిపోయి కావ్య రాజ్‌కి భార్య అవడం నమ్మదగ్గ సంగతి కాదు కానీ, కనకం ఉన్నంతసేపు జనం అదీ నమ్మారు. తర్వాత కథ పూర్తిగా దుగ్గిరాల వాళ్ల ఇంట్లోకీ ఆఫీసులోకీ పోయింది, కుట్ర మీద కుట్ర, కావ్య వచ్చి బయటపెట్టడం, మళ్లీ ఇంకో కుట్ర. దీపికా రంగరాజు, మానస్ ఇద్దరికీ జనంలో మంచి పేరుంది కాబట్టి బండి నడిచింది, కానీ మొదటి ఆరు నెలల సరదా మళ్లీ రాలేదు. దాదాపు ప్రతి సీరియల్ చరిత్రా ఇదే. మొదటి ఆరు నెలలూ రచయిత అనుకున్న కథ, తర్వాతదంతా గురువారం చెప్పిన కథ.

గురువారం అంటే రేటింగ్ వచ్చే రోజు. శనివారం నుంచి శుక్రవారం దాకా వారం లెక్కగట్టి, తర్వాతి గురువారం రేటింగ్‌లు లెక్కగట్టే సంస్థ బార్క్ అంకెలు ఇస్తుంది. దేశం మొత్తం మీద యాభై వేలకు పైగా ఇళ్లలో మీటర్లుంటాయి, అందులో తెలుగు రాష్ట్రాల వాటా కొంత. ఆ ఇళ్లు ఏవో ఎవరికీ చెప్పరు. ఆ ఇళ్లలో ఏం చూశారన్నదాన్ని బట్టి సీరియల్ మధ్యలో వచ్చే యాడ్స్ ధర ఉంటుంది. గంటకి 12 నిమిషాలకి మించి యాడ్స్ వేయకూడదని రూల్ ఉంది కాబట్టి, ఆదాయం పెరగాలంటే నిమిషాలు పెంచుకోవడం కుదరదు, ధర పెరగాలి, ధర పెరగాలంటే అంకె పెరగాలి. అందుకే ఒక గురువారం అంకె తగ్గితే ఇంకో వారంలో ఎవరో ఒకరికి యాక్సిడెంట్ అవుతుంది. రెండు గురువారాలు తగ్గితే చనిపోయినవాళ్లు తిరిగొస్తారు. మూడైతే బాగా నడుస్తున్న ఇంకో సీరియల్ కుటుంబాన్ని ఈ ఇంటి పెళ్లికి పిలిచి మహాసంగమం అంటారు. మూడు నెలల తర్వాత కథ ఎక్కడుండాలో ప్లాన్ చేసుకునే అవకాశం రచయితకి ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా వాడు దానికి కట్టుబడలేడు.

దీనికి కార్తీక దీపాన్ని మించిన ఉదాహరణ లేదు. 2022లో జనం వంటలక్క అని పిలిచే దీప, డాక్టర్ బాబు కార్తీక్ ఇద్దరూ ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, కథని ఏళ్లు ముందుకి దూకించి పిల్లల మీదకి తెచ్చారు. నాలుగేళ్లకి పైగా వంటలక్క కోసం టీవీ ముందు కూర్చున్న జనానికి వంటలక్క లేని కార్తీక దీపం ఎందుకు? అంకెలు పడ్డాయి. కొన్ని నెలల్లోనే దీప బతికే ఉందన్నారు, కార్తీక్ బతికే ఉన్నాడు కానీ గతం మర్చిపోయాడన్నారు. 2023 జనవరిలో ఆపేశారు. ఆపి ఏడాది తిరగ్గానే, 2024 మార్చిలో అదే పేరుకి రెండు తగిలించి, అదే ప్రేమి విశ్వనాథ్, అదే నిరుపమ్ పరిటాలతో కొత్త కథ మొదలుపెట్టారు. ఇందులో దీప, కార్తీక్, శౌర్య పేర్లు అవే, మనుషులు వేరు. విచిత్రమేంటంటే దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు. జనానికి కావాల్సింది ఆ కథకి కొనసాగింపు కాదు, ఆ ఇద్దరూ మళ్లీ ఒకే ఫ్రేమ్‌లో ఉండటం. రెండో భాగంలో ఒక మంచి పని కూడా చేశారు, దీపకి పూసే ఆ నల్లరంగు మేకప్ వదిలేశారు. తెల్లగా ఉన్న నటికి రంగు పూసి, నలుపు మీద జాలి పుట్టించి, నలుపు తక్కువ కాదని నీతి చెప్పడం మొదటి భాగంలో చాలా ఇబ్బందిగా ఉండేది. ఈసారి రహస్యం పుట్టగానే పిల్లలు మారిపోవడం. పాతదే, బ్లాక్ అండ్ వైట్ సినిమాల కాలం నాటిది. అసలు మనవరాలు దీప అనీ జ్యోత్స్న కాదనీ చూసేవాళ్లకి తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలియదు, ఇక డిపాజిట్ మీద వడ్డీ మొదలు.

గుప్పెడంత మనసు ఇంకా తమాషా. రిషి, వసుధారల ప్రేమ కోసమే చూసిన సీరియల్ అది, కాలేజీ కుర్రకారుని కూడా టీవీ ముందుకి తెచ్చింది. అలాంటిది రిషి నెలల తరబడి కనిపించకుండా పోయినా సీరియల్ ఆగలేదు. రిషి ఉన్నాడా లేడా అన్నదే కథ అయిపోయింది. ఆఖరికి తిరిగొచ్చాడు, 2024 ఆగస్టులో ముగించారు. హీరో లేకుండా ప్రేమకథ అన్ని నెలలు నడవగలిగిందంటే, నడుస్తున్నది కథ కాదు, రోజూ ఆ టైమ్‌కి ఆ ఛానల్ పెట్టే అలవాటు అని అర్థం. ఛానల్ వాళ్ల వైపు నుంచి చూస్తే కూడా ఇది అర్థమవుతుంది. కొత్త సీరియల్ పెట్టాలంటే హోర్డింగులు, ప్రోమోలు, కొత్త ముఖాలు అలవాటయ్యేదాకా ఓపిక, అన్నీ పెట్టుబడే. అది పడుతుందో లేదో తెలియదు. ఉన్నదాన్ని ఇంకో ఆరు నెలలు లాగితే కనీసం సగం మంది ఉంటారు. ఆ లెక్కలో ముగింపు అనేది ఓటమి కింద వస్తుంది, అందుకే ముగింపులన్నీ ఓడిపోయినవాళ్లు చేసినట్టే ఉంటాయి, రెండేళ్లు దాచిన నిజాలన్నీ ఆఖరి వారంలో వరసగా బయటపడి, విలన్ జైలుకి పోయి, అందరూ గ్రూప్ ఫొటోకి నిలబడతారు.

ఇక ఈ కథల్లో చాలా భాగం మనవి కావు. బ్రహ్మముడికి మూలం బెంగాలీ, గుప్పెడంత మనసుకీ బెంగాలీయే, గుండె నిండా గుడి గంటలు తమిళం నుంచి, కార్తీక దీపం మలయాళం నుంచి, జీ తెలుగులో వచ్చిన ప్రేమ ఎంత మధురం మరాఠీ నుంచి. ఇంటింటి గృహలక్ష్మి కథ బెంగాలీలో శ్రీమోయిగా పుట్టి హిందీలో అనుపమా, తమిళంలో బాక్యలక్ష్మి, మలయాళంలో కుడుంబవిళక్కు అయింది. తెలుగు గృహలక్ష్మి 2024 జనవరిలో ఆగిపోయాక కూడా హిందీ అనుపమా నడుస్తూనే ఉంది. అరువు తెచ్చుకోవడం నేరం కాదు, యాభైకి దగ్గరపడ్డ ఇల్లాలు భర్తకి విడాకులిచ్చి సొంతంగా నిలబడటం అనే కథని మన ఛానళ్లు తమంతట తాము మొదలుపెట్టేవి కావేమో కూడా. నష్టం ఇంకోచోట ఉంది. కథ ఒక రాష్ట్రం నుంచి, హీరోయిన్ ఇంకో రాష్ట్రం నుంచి, గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది. అందువల్ల ఈ కుటుంబాలు ఏ ఊరివో చెప్పడం కష్టం. ఒంగోలువి కావు, నిజామాబాదువి కావు. అందరూ ఒకే రకం తెలుగు మాట్లాడతారు, పనిమనిషికి తప్ప ఎవరికీ యాస ఉండదు, ఇది మాత్రం కొంచెం సిగ్గుపడాల్సిన విషయమే.

పాత సీరియళ్లు గొప్పవి, ఇప్పటివే చెత్త అనేవాళ్లు దండిగా దొరుకుతారు. అది సగం అబద్ధం. చక్రవాకం, మొగలిరేకులు మొదట్లో ఎంత బిగువుగా ఉన్నాయో తర్వాత అంత సాగాయి, మొగలిరేకులు 2008 నుంచి 2013 దాకా నడిచింది, తరాలు మారిపోయాయి. ఈటీవీ అభిషేకం నాలుగు వేల ఎపిసోడ్లకి చేరింది. అసలైన పాతకాలం ఇంకా వెనక్కి వెళ్తే ఉంది. దూరదర్శన్ రోజుల్లో సీరియల్‌కి మామూలుగా 13 ఎపిసోడ్లకి అనుమతి ఇచ్చేవాళ్లు, వారానికి ఒకటి. పదమూడో వారం ఏం చేయాలో మొదటి వారమే తెలిసేది. అంతకుముందు వారపత్రికల్లో సీరియల్ నవలలు వచ్చినప్పుడూ అంతే, ఎంత పేరున్న రచయితైనా ఓ ఇరవై ముప్పై వారాల్లో కథ ముగించి కొత్త నవలకి చోటివ్వాల్సిందే. మన ఇళ్లలో అమ్మమ్మలకి ముగింపు ఉన్న సీరియల్ అలవాటే, దాన్ని పోగొట్టింది ఈ ముప్పై ఏళ్లలోనే. జెమినీలో 2001 నుంచి వచ్చిన అమృతం ఇప్పటికీ జనం ఎక్కడో అక్కడ పెట్టుకుని చూస్తున్నారంటే అందులో హాస్యం ఒక్కటే కారణం కాదు, ఏ ఎపిసోడ్ తీసినా ఆ రోజు గొడవ ఆ రోజే తీరిపోతుంది.

కామెడీ షోలకి వస్తే జబర్దస్త్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2013 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు అది నిజంగా కొత్త. స్టేజి మీద ఐదారు నిమిషాల్లో ఒక కథ ఎత్తుకుని, పంచ్ వేసి దిగిపోవాలి. చమ్మక్ చంద్ర, సుడిగాలి సుధీర్ టీమ్, తర్వాత హైపర్ ఆది, వీళ్లందరినీ ఇంటింటికీ తెచ్చింది అదే. మొదట్లో స్కిట్లు చేసిన వేణు యెల్దండి 2023లో సినిమా తీసి దర్శకుడిగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. స్కిట్‌కి ముగింపు ఉంది, షోకి లేదు. వారం వారం పన్నెండేళ్లకి పైగా అంటే ఎవరి దగ్గరైనా సరుకు అయిపోతుంది. సరుకు అయిపోయినప్పుడు స్టేజి మీద వాళ్ల సొంత విషయాలే స్కిట్ అయ్యాయి, ఎవరికి పెళ్లి కాలేదు, ఎవరికి ఎవరితో లవ్ ట్రాక్, ఎవరి ఒళ్లు లావు, ఎవరి రంగు నలుపు. సుధీర్, రష్మి ఉత్తుత్తి పెళ్లి ఎన్నిసార్లు చూశామో. జడ్జి పడీపడీ నవ్వే షాట్ ఎంత ఎక్కువగా వస్తే జోకు అంత బలహీనంగా ఉందని తెలుసుకోవచ్చు, ఇది ఒక్క జబర్దస్త్‌కే కాదు, అన్ని ఛానళ్ల ఆదివారం షోలకీ పనికొచ్చే కొలత. అదే ఈటీవీలో పాడుతా తీయగా 1996 నుంచి వస్తున్నా అంత వెగటు పుట్టదు. దాన్ని నడిపిన ఎస్పీ బాలు గారు 2020లో పోయాక ఆయన కొడుకు చరణ్ నడుపుతున్నాడు, బాలు గారి చోటు భర్తీ కాలేదు, కాదు కూడా. అయినా చూడబుద్ధవుతుంది, ఎందుకంటే ప్రతి సిరీస్‌లోనూ కొత్త పిల్లలు, ఒక ఫైనల్, అయిపోయింది, మళ్లీ ఇంకొకరు.

బిగ్ బాస్‌ని తిట్టడం తేలిక. తిట్టేవాళ్లలో సగంమంది రాత్రి తొమ్మిదిన్నరకి ఎక్కడుంటారో అందరికీ తెలుసు. 2017లో ఎన్టీఆర్‌తో 70 రోజులుగా మొదలైంది, మధ్యలో ఒకసారి నాని, 2019 నుంచి నాగార్జున, ఇప్పుడు నూట అయిదు రోజుల షో అయింది. ఇది జనాన్ని పట్టి ఉంచేది గొడవలతో కాదు, గొడవలు సీరియల్‌లోనూ ఉన్నాయి. ఇక్కడ క్యాలెండర్ ఉంది. పదిహేను వారాల్లో తేలిపోతుందని ఇంట్లోవాళ్లకీ చూసేవాళ్లకీ తెలుసు, వారానికొకరు పోతారని తెలుసు, కాబట్టి ఎనిమిదో వారంలో ఎవడైనా మాట మారిస్తే దానికి విలువ ఉంటుంది. సీరియల్‌లో 800వ ఎపిసోడ్‌లో మాట మారిస్తే ఎవడు పట్టించుకుంటాడు?

2025 సెప్టెంబర్‌లో మొదలైన తొమ్మిదో సీజన్ ఈమధ్య వచ్చినవాటిలో బాగుంది, కనీసం మొదటి సగం. ముందుగా అగ్నిపరీక్ష అని పెట్టి మామూలు జనంలోంచి కొందరిని ఎంచుకోవడం, వాళ్లని ఇంటి ఓనర్లుగా, సెలబ్రిటీలని అద్దెకున్నవాళ్లుగా పెట్టడం, ఈ ఒక్క ఏర్పాటుతో మొదటి రెండు వారాలు మనుషుల అసలు స్వభావం బయటికొచ్చింది. ఓనర్ అనగానే మనిషి గొంతు ఎలా మారుతుందో హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. ఆఖరికి సామాన్యుల్లోంచి వచ్చిన సైనికుడు కల్యాణ్ పడాల గెలిచాడు, ముద్ద మందారం సీరియల్‌తో జనానికి తెలిసిన తనూజ రన్నరప్. అంతకుముందు 2023లో రైతుబిడ్డ పేరుతో వచ్చిన పల్లవి ప్రశాంత్ గెలిచాడు. జనం తమలాంటివాడికి ఓటేస్తున్నారని దీన్నిబట్టి అనిపిస్తుంది, ఆ అభిమానం హద్దు దాటితే ఎలా ఉంటుందో అదే 2023 ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు చెప్పాయి. షోలో అసలు లోపం మాత్రం వీకెండ్. వారమంతా మనం చూసిందాన్ని శనివారం వీడియో వేసి మళ్లీ చూపించి, హోస్ట్ చేత తీర్పు చెప్పించడం ఎందుకో అర్థం కాదు. అది కూడా వంటింట్లో ఉన్నవాళ్ల కోసమేనేమో.

ఓటీటీలో వచ్చిన తెలుగు సిరీస్‌లు ఇవన్నీ చూసి విసిగినవాళ్లకి ఊరట. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 90స్ మిడిల్ క్లాస్ బయోపిక్‌లో కథంటూ పెద్దగా ఏమీ లేదు. లెక్కల మాస్టారు తండ్రి, ముగ్గురు పిల్లలు, మార్కులు, ఉప్మా. శివాజీ ఆ తండ్రి వేషంలో గొంతు పెంచకుండానే ఇంట్లో భయం ఎలా ఉంటుందో చూపించాడు. ఆరు ఎపిసోడ్లకి సరిపడా సరుకు ఉంది, ఆరే తీశారు. సేవ్ ద టైగర్స్ మొదటి సీజన్‌లో మగాళ్ల గోల నవ్వించింది, భార్యల వైపు నుంచి ఇంకొంచెం రాసుంటే బాగుండేది. శివరపల్లి దగ్గర మాత్రం నిరాశ. 2025 జనవరిలో వచ్చింది, హిందీ పంచాయత్‌కి రీమేక్. రాగ్ మయూర్, మురళీధర్ గౌడ్ బాగా చేశారు, కానీ హిందీది చూసినవాళ్లకి సీను తర్వాత సీను ముందే తెలిసిపోతుంది. ఉత్తరప్రదేశ్ పల్లె సమస్యలు తెచ్చి తెలంగాణ పల్లెలో అలాగే పెడితే, మన పంచాయతీ ఆఫీసుల్లో జరిగే అసలు తమాషాలు బయటే మిగిలిపోతాయి. జీ5లో వచ్చిన మోతెవరి లవ్ స్టోరీ అంత నున్నగా లేదు, కొన్నిచోట్ల నాటకంలా ఉంది, అయినా ఆ మాట ఆ ఊరిది, ఆ మనుషులు ఆ మట్టివాళ్లు. ఈ రెండింట్లో మళ్లీ చూడమంటే రెండోదే.

అయితే ఇవన్నీ ఫోన్‌లో, విడిగా డబ్బులు కట్టి, ఎవరి చెవుల్లో వాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసేవి. రాత్రి ఎనిమిదింటికి ఇల్లంతా కలిసి చూసే చోట మాత్రం ఆరు ఎపిసోడ్లదో ఎనిమిది ఎపిసోడ్లదో పనికిరాదు, రోజూ రావాలి, నెలల పాటు రావాలి. రోజూ వస్తూ ముగింపు కూడా ఉన్న సీరియల్ మన ఛానళ్లలో కనబడదు. పెట్టడానికి చోటు లేదా అంటే, ఉంది. ప్రతి ఏడాదీ బిగ్ బాస్ కోసం సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా సీరియళ్లని పక్కకి జరుపుతున్నారు, ఆ జరపడానికి జనం అలవాటుపడ్డారు కూడా. డిసెంబర్ ఆఖరికి ఆ టైమ్ ఖాళీ అవుతుంది. అక్కడ 90 ఎపిసోడ్ల కథ ఒకటి, ఆఖరి తేదీ ఏదో మొదటి ప్రోమోలోనే వేసి, తెలుగులోనే రాయించి, పదిహేను వారాలు నడిపి చూడొచ్చు. అంకెలు రాకపోతే పోయేది మూడున్నర నెలలే, ఎలాగూ ఏప్రిల్‌లో ఐపీఎల్ ఉంటుంది. ఆ కథలో హీరో డాక్టరైతే మాత్రం మొదటి వారంలోనే టెస్ట్ చేయించేస్తే మంచిది, రిపోర్టు చూశాక ఆ మొగుడూ పెళ్లాలు ఎలా మాట్లాడుకుంటారన్నది మిగతా పద్నాలుగు వారాలకీ బాగానే సరిపోతుంది.